అరిగేది పలకా, బలపమా?

బడిలో చేరిన కొత్తల్లో పలక తుడవడానికి ఉమ్మి, అరచెయ్యి, చొక్కా అంచు చాలు. శ్రద్ధగల పిల్లలు మాత్రం చిన్న సీసాలో నీళ్లూ, ఓ గుడ్డముక్కా తెచ్చుకునేవాళ్లు. ఆ తడి ఆరకముందే తొందరపడి బలపంతో ‘అ’ దిద్దితే పలక మీద ఏమీ కనబడేది కాదు. రాయలేదేమని పంతులుగారు చెవి మెలిపెట్టేలోగా కిటికీలోంచి ఎండ తగిలి పలక ఆరేది. అప్పుడు ఆ అక్షరం ఎక్కడో దాక్కుని బయటికొచ్చినట్టు తెల్లగా తేలేది.

రాసింది తడి మీద, కనబడింది పొడి మీద. మరి మధ్యలో అక్షరం ఎక్కడుంది? ఈ ప్రశ్నకు జవాబు వెతికితే బలపం దగ్గర మొదలై, స్క్రాచ్‌బోర్డు అనే చిత్రకళ దాకా దారి పడుతుంది.

స్క్రాచ్‌బోర్డును మన మాటలో గీకుడు అట్ట అనుకోవచ్చు. గట్టి అట్ట మీద తెల్లమట్టి పూత, దానిపైన పల్చగా నల్ల ఇంకు పూత ఉంటాయి. సూదిలాంటి మొనతో నలుపును గీకితే అడుగున ఉన్న తెలుపు బయటపడుతుంది. మామూలుగా బొమ్మ వేసేవాళ్లు తెల్ల కాగితం మీద చీకటిని గీస్తారు. ఇక్కడ చీకటి ముందే పరిచి ఉంటుంది, చిత్రకారుడు గీయాల్సింది వెలుగుని. నల్లదాని మీద తెల్ల గీత కనుక చూపుకు పలక మీద రాతలాగే ఉంటుంది. లోపల జరిగే పని మాత్రం తలకిందులు.

రాయడం, రాసుకోవడం

రెండు వస్తువులు ఒరుసుకుంటే మెత్తనిది అరుగుతుంది. ఎంత మెత్తన, ఎంత గట్టి అని చెప్పడానికి జర్మన్ ఖనిజ శాస్త్రవేత్త ఫ్రీడ్రిక్ మోస్ 1812లో ఓ కొలబద్ద తయారుచేశాడు. అందులో అన్నిటికన్నా మెత్తనిది టాల్క్, దాని అంకె 1. జిప్సం 2, కాల్సైట్ 3, పలుగురాయి 7, వజ్రం 10. మన చేతి గోరు రెండున్నర దగ్గర ఉంటుంది. మనం బలపం అనే మెత్తరాయిలో ఎక్కువ భాగం టాల్కే. అందుకే గోటితో గీరినా పొడి రాలుతుంది. పలకరాయి గట్టితనం మూడుకు అటూ ఇటూ, చాలాసార్లు పైనే.

అంటే పలక మీద రాసేటప్పుడు గీత పడుతున్నది పలకకు కాదు, బలపానికి. పలక ఒక సన్నని ఆకురాయి. దాని మీద మనం బలపాన్ని అరగదీస్తాం, రాలిన పొడి గరుకు ఉపరితలాన్ని పట్టుకుని నిలుస్తుంది. దానికే అక్షరమని పేరు పెట్టుకున్నాం. పాత తెలుగులో ‘వ్రాయడం’ వేరు, రుద్దడమనే ‘రాయడం’ వేరు కావచ్చు. నేటి నోట రెండూ ఒకటే మాటయ్యాయి. పలక దగ్గరైతే రెండూ ఒకటే పని కూడా.

గీకుడు అట్ట మీద ఉక్కుమొన గట్టితనం ఐదున్నర పైమాటే. ఇంకు పూత దానికి ఏ మాత్రం ఆగదు. ఇక్కడ పరికరం నిలుస్తుంది, అట్ట అరుగుతుంది. బలపం తెలుపును పెడుతుంది, సూది నలుపును తీస్తుంది. పెట్టింది తుడిస్తే పోతుంది గానీ తీసింది తిరిగి రాదు. పలక మీద తప్పు దిద్దుకోవచ్చు, గీకుడు అట్ట మీద ఒక్క గీత జారినా దాన్ని బొమ్మలో కలిపేసుకోవాలి, లేదా చిన్న కుంచెతో ఇంకు అద్ది మళ్లీ మొదలుపెట్టాలి. కింద ఉన్న తెల్లమట్టి కూడా మెత్తనిదే, కాబట్టి చెయ్యి కాస్త బరువుగా పడితే అదీ లేచిపోయి అడుగు అట్ట కనబడుతుంది. అట్ట రంగు తేలిందంటే ఆ చోట ఇక వెలుగూ లేదు, చీకటీ లేదు.

మార్కాపురం నలుపు

పలక పేరెత్తితే తెలుగునాట ముందు గుర్తొచ్చే ఊరు మార్కాపురం. గుంటూరు నుంచి పడమటగా మిర్చి, పత్తి చేలు దాటుకుంటూ పోతే నల్లమల కొండల పాదాల దగ్గర ఆ పలకరాయి దొరుకుతుంది. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ రాళ్లను కడప బేసిన్‌లో నల్లమల సముదాయం కింద లెక్కిస్తారు. అందులో ఈ పలకరాళ్లున్న అంచెకు పక్కనున్న కంభం పేరే పెట్టారు. వాటి వయసు వంద కోట్ల ఏళ్లకు పైబడింది. అప్పటికి భూమి మీద చెట్టూ లేదు, చేపా లేదు.

మొదట ఇది నీటి అడుగున పేరుకున్న మెత్తని బురద. దాని మీద మరిన్ని పొరలు పడి, బరువుకు గట్టిపడి, బంకమట్టి రాయి అయింది. తరవాత భూమి పొరలు ముడతలు పడినప్పుడు పక్కల నుంచి తీవ్రమైన ఒత్తిడి, లోపలి నుంచి వేడి తగిలాయి. అప్పుడు మట్టిలోని ఖనిజాలు అభ్రకం జాతి రేకులుగా మారి, ఒత్తిడికి అడ్డంగా, ఒకే దిక్కుకు తిరిగి నిలబడ్డాయి. పేకముక్కలను కట్టగా సర్దినట్టు అనుకోండి. ఆ కట్ట అంచున ఉలి పెట్టి సుత్తితో తడితే రాయి ముక్కలు చెక్కలు కాకుండా పలకలు పలకలుగా విడుతుంది. బురద ఒకప్పుడు పొరలుగా పేరుకున్న తీరు వేరు, ఇప్పుడు పలక విడే తీరు వేరు. రాయికి ఈ విడే గుణం ఇచ్చింది ఒత్తిడి.

పలకరాయిలో నలుపు సాధారణంగా కర్బనం వల్ల వస్తుంది. ఆ బురదతో పాటు పూడిపోయిన సూక్ష్మజీవుల అవశేషమది. ఒక రకంగా అది అతి పాత మసి. ఇవాళ బడుల్లో రాతి పలక దాదాపు కనబడదు, దాని చోటును మొదట రేకు పలక, తరవాత ప్లాస్టిక్ పలక ఆక్రమించాయి. మార్కాపురం రాయి ఇప్పుడు ఎక్కువగా గోడలకూ నేలకూ పరిచే బిళ్లలుగా దేశాంతరాలు పోతోంది.

తెలుపు ఎక్కడి నుంచి వస్తుంది?

తడి పలక సంగతికి వద్దాం. బలపం పొడిని భూతద్దంతో చూస్తే రేణువులు తెల్లగా కాక దాదాపు పారదర్శకంగా, రేకుల్లా కనబడతాయి. ఉప్పు కల్లు గాజులా ఉంటుంది, దాన్నే నూరితే తెల్లనవుతుంది. ఇదీ అంతే. కాంతి గాలిలోంచి ఆ రేణువులోకి దూరేటప్పుడు ప్రతి అంచు దగ్గరా నూటికి సుమారు 5 పాళ్లు వెనక్కి మళ్లుతుంది. ఒక్క అంచుతో పెద్దగా ఏమీ కాదు. కానీ పొడిలో అంచులు వేలకొద్దీ. అన్నిటి దగ్గరా కొంచెం కొంచెం మళ్లిన కాంతి అన్ని రంగులతోనూ, అన్ని దిక్కులకూ చెదురుతుంది. కన్ను దాన్నే తెలుపంటుంది.

రేణువుల మధ్య గాలికి బదులు నీళ్లు నిండితే లెక్క మారిపోతుంది. కాంతిని వంచడంలో గాలికి, టాల్కుకు ఉన్నంత తేడా నీటికి, టాల్కుకు లేదు. కాబట్టి ఒక్కో అంచు దగ్గర మళ్లేది నూటికి ఒక పాలు కూడా ఉండదు. మిగతాది రేణువుల గుండా సూటిగా దిగి, నల్ల పలకలో ఇంకిపోతుంది. అక్షరం పోలేదు, ఉన్నచోటే ఉంది. దాన్ని తెల్లగా చూపించే గాలి మాత్రం లేదు. నీరు ఆరి, గాలి మళ్లీ దూరగానే అక్షరం తేలింది.

గీకుడు అట్ట మీది తెల్లపూతలో కేయోలిన్ అనే పింగాణీ మట్టి ఉంటుంది. దాని తెలుపుకూ ఇదే కారణం. 

నలుపు కథ దీనికి ఎదురు. పత్తి వత్తి వేసి ఆముదపు దీపం వెలిగించి, పైన ఇత్తడి పళ్లెం బోర్లిస్తే పట్టే కాటుక మనకు కొత్త కాదు. అందులోని కర్బన రేణువులు మిల్లీమీటరులో పదివేలో వంతు కన్నా చిన్నవి. వాటి మీద పడిన కాంతి, ఏ రంగుదైనా, దాదాపుగా వేడిగా మారి అక్కడే ఆగిపోతుంది. అయితే మసి ఒక్కటే నిలవదు, దానికి జిగురు కావాలి. పల్లెల్లో పిల్లలు పలక వెలిసిపోతే బొగ్గు నూరి, దొండాకు పసరుతో కలిపి రుద్దేవాళ్లు. గీకుడు అట్టల మీద వాడే ఇండియన్ ఇంకులో మసికి జత లక్క. చెట్ల కొమ్మల మీద లక్క పురుగులు కట్టే గూటి నుంచి తీసినదే. బొగ్గు, పసరు కలిపి రుద్దిన పిల్లలు తెలియకుండానే ఇంకు తయారుచేశారన్నమాట.

పత్తికాయ, మిరపకాయ

గీకుడు అట్ట మీద ఏ బొమ్మ వేయాలి? మన నేలలో రెండు పాఠాలు సిద్ధంగా ఉన్నాయి. పత్తి తీతకు వచ్చిన చేలో విచ్చిన కాయ ఒకటి, కల్లంలో ఆరిన మిరపకాయ ఒకటి.

పత్తికాయతో మొదలుపెడదాం. నాలుగైదు గుత్తులుగా దూది ఉబికి ఉంటుంది. పైనుంచి వెలుగు పడుతోందనుకుందాం. ముందు ప్రతి గుత్తి నడినెత్తి మీద పొట్టి గీతలు, దూది పోగు ఎటు తిరిగితే అటు. తరవాత వాటి పక్కన మరికొన్ని, ఒకదాని తల ఇంకొకదాని తోక మీదికి వచ్చేట్టు. గుత్తికీ గుత్తికీ మధ్య సందులో మొన తగలకూడదు, ఆ నలుపే దూదికి ఉబ్బునిస్తుంది. దూది పోగులు కాంతిని అన్ని దిక్కులకూ చెదరగొడతాయి గనక ఎటు చూసినా ఎంతో కొంత వెలుగుంటుంది. ఒక్క కాయకే వేల గీతలు పడతాయి.

మిరపకాయకు అంత పని లేదు. తొక్క మీద మైనపు మెరుపుంది, అది అద్దంలా వెలుగును ఒకే దిక్కుకు పంపుతుంది. కాబట్టి కాయంతా నలుపులోనే వదిలేసి, వీపు మీద తొడిమ నుంచి ముక్కు దాకా సన్నని గీత ఒకటి, ముడతలున్న చోట తెగుతూ లాగితే చాలు. ఆ తెగిన గీతను చూసి కన్ను మిగతా కాయను తానే పూర్తి చేసుకుంటుంది. అదే తాలుకాయైతే మెరుపుండదు, దానికి మళ్లీ మెత్తని పొట్టి గీతలే దిక్కు. గీకుడు బొమ్మ వేసేవాడు వస్తువు ఆకారం కంటే ముందు దాని మీద వెలుగు ఎలా ప్రవర్తిస్తోందో చూస్తాడు.

నలుపూ తెలుపూ తప్ప మరేమీ లేని అట్టలో బూడిదరంగు ఎలా వస్తుంది? ఆ పని కన్ను చేస్తుంది. మామూలు చూపు ఉన్నవాళ్లు ఒక డిగ్రీలో అరవయ్యో వంతు దాకా విడదీసి చూడగలరు. పుస్తకం పట్టుకునే దూరంలో, అంటే 30 సెంటీమీటర్ల దగ్గర, అది సుమారు 0.09 మిల్లీమీటర్లు. తలవెంట్రుక మందానికి కాస్త ఎక్కువ. గీతలు అంతకన్నా దగ్గరగా ఉంటే కన్ను వాటిని విడదీయలేక కలిపేసి బూడిదరంగుగా చదువుతుంది. అదే బొమ్మను గోడకు తగిలించి మీటరు దూరం నుంచి చూస్తే 0.3 మిల్లీమీటర్ల ఎడం ఉన్న గీతలు కూడా కలిసిపోతాయి.

కొత్తగా పట్టినవాళ్లు పొరపడేది ఇక్కడే. సగం వెలుగు కావాలంటే సగం నలుపు తీసేయాలనుకుంటారు. కన్ను అలా లెక్కపెట్టదు. చీకటిలో చిన్న వెలుగును కూడా పెద్దదిగా తీసుకోవడం దాని స్వభావం. పడిన కాంతిలో నూటికి 18 పాళ్లు వెనక్కి పంపే ఉపరితలం మనకు నలుపు తెలుపుల సరిగ్గా మధ్యలో ఉన్నట్టు కనబడుతుంది. ఫోటోగ్రాఫర్లు వాడే బూడిదరంగు కార్డు వెనక రహస్యం ఇదే. అంటే నలుపులో ఐదో వంతు గీకితే చాలు, సగం వెలుగు వచ్చేస్తుంది. సగం గీకామంటే బొమ్మ వెలిసిపోతుంది.

అచ్చు కోసం పుట్టిన కళ

తీసివేతతో వెలుగును చెక్కడంలో పేరుపడ్డవాడు ఇంగ్లండుకు చెందిన థామస్ బ్యూయిక్. చెట్టుకు అడ్డంగా కోసిన బాక్స్‌వుడ్ చెక్క గట్టిగా, నున్నగా ఉంటుంది. దాని మీద సన్నని ఉలితో తెల్ల గీతలు చెక్కి, జంతువుల, పక్షుల బొమ్మలు అచ్చు వేశాడు. జంతువుల పుస్తకం 1790లో, పక్షుల పుస్తకం మొదటి భాగం 1797లో వచ్చాయి. చెక్క చెక్కడానికి రోజులు పడుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో ఫోటో సాయంతో లోహపు బ్లాకులు చేయడం వచ్చాక, చెక్క అవసరం లేకుండా అదే తీరు బొమ్మ కోసం గీకుడు అట్ట పుట్టింది.

ఆఫ్‌సెట్ రాకముందు మన ప్రెస్సుల్లో పనిచేసినవాళ్లకు లైను బ్లాకు, హాఫ్‌టోను బ్లాకు తేడా బాగా తెలుసు. ఫోటోను చుక్కలుగా విడగొట్టి చేసే హాఫ్‌టోను, గరుకు న్యూస్‌ప్రింటు మీద పడితే ఇంకు పాకి ముద్దయ్యేది. లైను బ్లాకుకు ఆ బాధ లేదు, గీత ఉందా లేదా అన్నదే లెక్క. గీకుడు బొమ్మ పూర్తిగా గీతలతోనే ఉంటుంది, అయినా ఫోటోలాంటి వెలుగునీడలు చూపిస్తుంది. అందుకే పత్రికల ప్రకటనలకూ, వైద్య, జీవశాస్త్ర పుస్తకాల బొమ్మలకూ అది బాగా పనికొచ్చింది. పిల్లల పుస్తకాల్లోనూ నిలదొక్కుకుంది. అమెరికాలో బొమ్మల పుస్తకాలకిచ్చే కాల్డెకాట్ పతకం 1959లో బార్బరా కూనీకి, 2009లో బెత్ క్రోమ్స్‌కు ఈ పద్ధతిలో వేసిన బొమ్మలకే దక్కింది.

మన ఇంటి చుట్టాలు

ఈ కళకు మన దగ్గర చుట్టాలు లేకపోలేదు. వేటపాలెంలో 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయంలో తాళపత్ర గ్రంథాలున్నాయి. తాటాకు మీద గంటంతో గీసినప్పుడు అక్షరం దాదాపు కనబడదు, ఆకు మీద గాటు మాత్రమే పడుతుంది. తరవాత మసిని నూనెతోనో పసరుతోనో కలిపి ఆకంతా పూసి తుడిచేస్తారు. నున్నని చోట మసి పోతుంది, గాట్లలో ఉండిపోతుంది. గీకుడు అట్టలో గీకిన చోట నలుపు పోతే, తాటాకులో గీకిన చోటే నలుపు మిగులుతుంది. తాటాకు ఈనెలు పొడవునా సాగుతాయి. వాటి వెంట తిన్నని గీత లాగితే ఆకు చీలుతుంది. మన అక్షరాలు గుండ్రంగా తిరగడానికి అదొక కారణమని లిపి గురించి రాసేవాళ్లు తరచు చెబుతారు. ఆ లెక్కన అరిగిన ఆకు అక్షరం ఒంపునే మార్చింది.

బీదరులో, హైదరాబాదులో చేసే బిద్రీ పనిలో ఇంకా దగ్గరి బంధువు కనబడుతుంది. తుత్తునాగం ఎక్కువ, రాగి తక్కువ కలిపి పోసిన పాత్రను నునుపు చేశాక, దాని మీద మైలుతుత్తం నీళ్లు రుద్దుతారు. మిర్చి, పత్తి రైతులకు బోర్డో మిశ్రమంలో పరిచయమైన మైలుతుత్తమే ఇది. అందులోని రాగిని తుత్తునాగం బయటికి నెట్టడంతో పాత్ర మీద తాత్కాలికంగా నల్లని పొర ఏర్పడుతుంది. పనివాడు ఆ నలుపు మీద ఉక్కుమొనతో పూలూ లతలూ గీస్తాడు. గీసిన చోట లోహం మెరుస్తుంది. ఆ గీతల వెంటే ఉలితో గాడి చెక్కి వెండి తీగ దిగ్గొడతారు. చివర బీదరు కోటమట్టి, నవాసారం కలిపి రుద్దితే పాత్ర శాశ్వతంగా నల్లబడుతుంది, వెండి మాత్రం తెల్లగా ఉండిపోతుంది.

మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన చిత్రకారుడు కె. లక్ష్మాగౌడ్‌కు పేరు తెచ్చిన ఎచింగుల వెనకా ఈ సూత్రమే ఉంది. ఎచింగులో లోహపు రేకు మీద మైనం పూసి, పొగ పట్టించి నల్లబరుస్తారు. సూదితో గీస్తే అడుగున లోహం తళుక్కుమంటుంది. ఆమ్లంలో ముంచితే గీసిన చోటే రేకు తినుకుపోతుంది.

ఇంట్లో ఒకటి చేద్దామా?

పెళ్లి శుభలేఖ లాంటి దళసరి అట్ట చాలు. దాని మీద తెల్ల మైనపు క్రేయాన్ సందు లేకుండా గట్టిగా రుద్దాలి. నల్ల పోస్టరు రంగులో రెండు చుక్కలు గిన్నెలు తోమే సబ్బునీళ్లు కలిపి పైన పూయాలి. సబ్బు లేకపోతే రంగు మైనం మీద తామరాకు మీది నీళ్లలా బిందువులు కడుతుంది. సబ్బు నీటి తలతన్యతను తగ్గిస్తే పరుచుకుంటుంది. పూర్తిగా ఆరనిచ్చి, పాత కంపాసుముల్లుతో గీకి చూడండి. ముందుగా పత్తికాయ, తరవాత మిరపకాయ.

మిగిలిన పొడి

గీత అంటే అరుగుదల అని ఒప్పుకున్నాక, అరిగినది ఎటు పోతుందని కూడా అడగాలి. బలపం పొడి పలక మీదా, పిల్లల వేళ్ల మీదా, కొంత చొక్కా మీదా పడింది. పలకను తయారు చేసేచోట లేచే దుమ్ము సంగతి వేరు. పలకరాయిలో పలుగురాయి రేణువులు ఉంటాయి. మోస్ కొలబద్ద మీద దాని అంకె 7. రాయిని కోసేటప్పుడు, నునుపు చేసేటప్పుడు ఆ రేణువులు కంటికి కనబడనంత సన్నగా లేచి ఊపిరితిత్తుల లోపలి గదుల దాకా వెళ్తాయి. ఒంట్లోని రక్షక కణాలు వాటిని మింగుతాయి గానీ అరిగించుకోలేవు. ఆ కణాలే చస్తాయి. చచ్చినచోటల్లా మచ్చ కడుతుంది. మచ్చలు పెరిగి ఊపిరితిత్తులు బిగుసుకుపోయే ఆ జబ్బే సిలికోసిస్. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో స్లేటు పెన్సిళ్లు కోసే కార్మికుల్లో దీని తీవ్రతను అహ్మదాబాదులోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ పరిశోధకులు నమోదు చేశారు.

1987లో కేంద్రం బాలకార్మిక విధానం ప్రకటించి, ముందుగా దృష్టి పెట్టాల్సిన పరిశ్రమలను ఎంచినప్పుడు శివకాశి అగ్గిపెట్టెలు, ఫిరోజాబాదు గాజులతో పాటు మార్కాపురం పలకల పరిశ్రమ పేరూ ఆ జాబితాలో ఉంది. ఒక ఊళ్లో పిల్లలు ‘అ ఆ’లు దిద్దిన పలకను ఇంకో ఊళ్లో బడికి పోని పిల్లల చేతులు తయారు చేశాయి. పలకా, బలపమూ ఒరుసుకున్నప్పుడు అరిగేది ఎవరన్న ప్రశ్నకు మూడో జవాబు అది.

గీకుడు అట్ట మీది దుమ్ము ఆ స్థాయిదేమీ కాదు. అయినా తెల్లమట్టీ మసీ రెండూ సన్నవే కనుక, తెలిసినవాళ్లు బొమ్మ మీద రాలిన పొడిని ఎప్పుడూ నోటితో ఊదరు. మెత్తని కుంచెతో ఓ కాగితం మీదికి నెడతారు. బొమ్మ పూర్తయ్యాక ఆ కాగితం మీద నల్లపొడి చిటికెడు మిగులుతుంది. బొమ్మలో ఎంత వెలుగుందో అక్కడ అంత పొడి ఉంటుంది. బల్ల మీద మిగిలినదాన్ని తుడవాల్సింది తడిగుడ్డతో. సీసాలో నీళ్లు తెచ్చుకున్న ఆ శ్రద్ధగల పిల్లలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు.